వెక్కిరించినవాడి పాట

"వీడికి జీవితాంతం మాట ఇలాగే తడబడుతుంటే నేనేం చెయ్యాలి పెద్దనాన్నా?"

ఆమె నాలుగేళ్ల కొడుకు కొన్నాళ్లుగా "న న న నాకు" అంటున్నాడు. ఆమె పనిచేసేది ల్యాబులో. నత్తి గురించి దొరికినవన్నీ చదివింది. చాలామంది పిల్లలకు అదే సర్దుకుంటుందని తెలుసు. తెలిసినంత మాత్రాన గుండెదడ తగ్గుతుందా? అందుకే పుట్టినప్పటినుంచీ నత్తి ఉన్న పెద్దనాన్న దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఆయన కూరగాయల మార్కెట్లో వేలం పాడించేవాడు. ధరను పదేపదే అరవడమే ఆ పని కాబట్టి, ఎక్కడ తడబడ్డాడో ఎక్కడ కావాలని మళ్లీ అన్నాడో ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఒక్క షావుకారు తప్ప. వాడు ముందు వరసలో నిలబడి, ఆయన తడబడ్డ ప్రతి మాటనూ అచ్చం అలాగే తిరిగి అనేవాడు. జనం విరగబడి నవ్వేవారు.

"ఏళ్ల తరబడి ప... పళ్లు నూరానే," అన్నాడు పెద్దనాన్న. "అక్కడ చెయ్యెత్తడాలూ తలూపడాలూ లేవు. నేను అడిగిన ధరను ఎవడు నోటితో తిరిగి అంటే పాట వాడిదే, సరుకు కొనాల్సిందే. షావుకారుది వేళాకోళం కదా అని వదిలేస్తూ వచ్చాను."

ఒక వానరోజు ఎవరూ ముట్టని ఉల్లిపాయల గుట్ట మిగిలింది. అడుగంతా కుళ్లి నీళ్లు కారుతోంది. ఆయన మేలురకం ధర అందుకుని, నత్తిని కావాలనే సాగదీశాడు.

"ఎ... ఎ... ఎనిమిదొందలు!"

"ఎ... ఎ... ఎనిమిదొందలు!" షావుకారు పళ్లికిలించాడు.

"షావుకారుగారి పాట! ఒకటోసారి!"

"ఏయ్, నేను ఊరికే అన్నా!"

"రెండోసారి! మూడోసారి!" గంట మోగింది.

"ఒప్పుకున్నాడా?" అంది ఆమె.

"ఒప్పుకోక ఛస్తాడా? అదే కట్టుబాటు చెప్పి ఎంతమంది నోళ్లు నొక్కాడో! ముక్కు మూసుకుని బండికెక్కించుకున్నాడు. గేటు దాకా వెళ్లి 'మ... మ... మళ్లీ రండి' అని సాగనంపా."

"పాపం అనిపించలేదా?"

"లేదు. ఇప్పుడు తలుచుకున్నా కడుపు చల్లగా ఉంటుంది." ఆయన నవ్వాపాడు. "పిల్లాడు తడబడితే నువ్వు మాట అందించకు, ఆగు. ఎవరైనా వెక్కిరిస్తే మాత్రం వదలకు. అదే మాట మళ్లీ అనమను. చాటుగా కాదు, న... నలుగురిలో."

మొన్న పార్కులో పక్కింటావిడ పిల్లాణ్ణి చూసి "న న న నాకు" అని కిలకిలా నవ్వింది.

"మళ్లీ అనండి పిన్నిగారూ," అంది ఆమె, బెంచీల మీదున్న అందరికీ వినబడేలా.

ఆవిడ సంచిలో ఏదో వెతుక్కుంది.

"తొందరేం లేదు, అనండి. ఆగుతాను."