తిప్పిపెట్టిన చెప్పులు

హొనొలులులో కాపురమున్న రోజుల్లో నాకొక జపాను దేవుడు పరిచయమయ్యాడు. డెబ్భైల చివరి మాట. మావారు ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తుండేవారు. ఇంటికొచ్చేసరికే సగం నిద్రలో ఉండేవారు, అన్నం కలుపుతూనే కునికేవారు. ఏదైనా చెప్పబోతే "ఊఁ" అనేవారు. ఆ ఊఁకి అర్థం లేదని పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను. ఇరుగుపొరుగు మంచివాళ్ళే. కానీ నా ఇంగ్లీషు వాళ్ళకీ, వాళ్ళ ఇంగ్లీషు నాకూ ఎక్కేది కాదు. పగలంతా మాటాపలుకూ లేకుండా కూర్చుంటే సాయంత్రానికి గొంతు పూడుకుపోయేది.

మాది తాతలనాడే వచ్చి స్థిరపడ్డ జపాను వాళ్ళ పేట. వీధి చివర, కార్లు బాగుచేసే షాపు పక్కన, వాళ్ళ చిన్న గుడి ఉండేది. అందరూ ష్రైన్ అనేవారు. తలుపుల్లేని చెక్క ద్వారం, గులకరాళ్ళు పరిచిన జానెడు వాకిలి, చేతులు కడుక్కునే రాతి తొట్టి, తాడు కట్టిన గంట. విగ్రహం కనబడదు. ముసలివాళ్ళు వచ్చి గంట లాగి, వంగి, రెండు చప్పట్లు కొట్టి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు కూరలు కొనుక్కొస్తూ నేనూ లోపలికి వెళ్ళాను. గుడంటే గుడే కదా అని చెప్పులు ద్వారం దగ్గర విడిచాను. వాళ్ళంతా బూట్లతోనే వెళ్తారు. వెళ్తే వెళ్ళనీ, నా అలవాటు నాది. రాళ్ళు గుచ్చుకుంటుంటే కుంటుకుంటూ వెళ్ళి గంట లాగాను. శ్లోకం చదవబోయి, ఎందుకో మామూలు మాటలు మొదలుపెట్టాను. పప్పు మాడిన సంగతి, బస్సు తప్పు స్టాపులో దిగిన సంగతి, ఆయన ఊఁ కొట్టే సంగతి. పైకే, తెలుగులోనే. ఆ దేవుడికి తెలుగు రాదు. పోనీ, కునికిపాట్లయినా పడడు కదా! ఇక రోజూ వెళ్ళేదాన్ని. ఆ ఊళ్ళో నేను నోరారా మాట్లాడే చోటు అదొక్కటే.

కొన్నాళ్ళకి ఒకటి గమనించాను. గుడివైపు ముఖం పెట్టి విడిచిన చెప్పులు, నేను తిరిగొచ్చేసరికి వీధివైపు తిరిగి ఉంటున్నాయి. మొదట పిల్లలెవరో తన్నారనుకున్నాను. మర్నాడూ అంతే, పక్కపక్కన పొందిగ్గా పెట్టి ఉన్నాయి. పొమ్మనలేక పొగబెడుతున్నారని అర్థమైపోయింది. పిలవని పేరంటానికి వచ్చి, తెలియని భాషలో గొణుక్కునే మనిషి ఎవరికి నచ్చుతుంది? ఒళ్ళు మండింది. ఆ వెంటనే దిగులేసింది. ఇక్కడికీ రావద్దంటే ఇక నేనెక్కడికి పోను?

వెళ్ళడం మానేశాను. ఉండలేకపోయాను. తాడోపేడో తేల్చుకుందామని ఒక మధ్యాహ్నం బయల్దేరాను. చెప్పులు విడిచి, గంటదాకా వెళ్ళి, చటుక్కున వెనక్కి తిరిగాను. పూజారిగారి భార్య, పండు ముసలి మామ్మగారు, చీపురు పక్కన పెట్టి, నడుం పట్టుకుని వంగి, నా చెప్పులు చేత్తో తిప్పుతోంది. కోపం సంగతి తర్వాత, ముందు సిగ్గుతో చచ్చిపోయాను. అంత పెద్దావిడ నా చెప్పులు ముట్టుకుంటే నాకు ఆయుక్షీణం కాదూ? పరుగున వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నన్ను రావద్దంటున్నారా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేశాను.

ఆవిడ తెల్లబోయింది. చేతులూ మాటలూ కలిపి చెప్పుకొచ్చింది. తమ ఇళ్ళల్లో అతిథి లోపలికి రాగానే చెప్పులు బయటివైపు తిప్పి పెడతారట, వెళ్ళేటప్పుడు తడుముకోకుండా తొడుక్కోవాలని. గుళ్ళో ఆ పని ఎవరికీ అక్కర్లేదు. చెప్పులు విడిచేది నేనొక్కదాన్నే కనక, నాకు మాత్రం చేస్తోందట.

"యూ గో హోమ్, ఈజీ," అని నవ్వింది.

నేనూ నవ్వాల్సిందే. ఏడుపొచ్చింది. కోపం ఎప్పుడో పోయింది, కానీ ఆ 'హోమ్' దగ్గర ఆగిపోయాను. తాళం తీస్తే ఫ్రిజ్ చప్పుడు తప్ప మరేదీ వినబడని మా రెండు గదులూ కళ్ళముందుకొచ్చాయి.

"నాకు ఇంటికి వెళ్ళాలని లేదండీ," అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ, ఆ దేవుడితో కూడా అనలేదు.

ఆవిడకి ఏం తెలిసిందో ఏమో, నా ముఖంలోకి చూసింది. తర్వాత మళ్ళీ నడుం పట్టుకుని వంగి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా, చెప్పులు గుడివైపు తిప్పేసింది.