మంచు ఆరేదాకా సైకిళ్లు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను వర్ధన్నపేట సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. పల్లె రోడ్ల పని. మా శాఖలో ఈ హోదాను డీఈ అంటారు. కింద అసిస్టెంట్ ఇంజనీర్లు, అంటే ఏఈలు. పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ. పని కింద జరుగుతుంది, పేరు పైకి పోతుంది, తిట్లు మధ్యలో ఆగుతాయి. ఆ మధ్యలో ఉండేది డీఈ. రిటైర్మెంటు ఇంకెంతో దూరం లేదు. ఆ వయసులో ఎవరూ కొత్త పనులు నెత్తికెత్తుకోరు. ఉన్నవి ముగించి పెన్షన్ కాగితాలు సర్దుకుంటారు. నేనూ అదే అనుకుని చేరాను.

చేరిన కొద్దిరోజులకే జిల్లా సమావేశం నుంచి ఒక చిత్రమైన పని దిగింది. సైకిల్ తొక్కేవాళ్ల కోసం బండ్లు తిరగని రోడ్డు ఒకటి వెతికిపెట్టాలి. దానికి బోర్డులు పెట్టి, గీతలు కొట్టి, ప్రారంభోత్సవం చేయాలి.

అడిగినవాళ్లు హనుమకొండ, సుబేదారి వైపు ఉండే పెద్దమనుషులు. వాళ్ల సంఘానికి పెద్ద సత్యనారాయణ గారు, బట్టల వ్యాపారి. షుగర్ వచ్చాక డాక్టరు మాట మీద సైకిలెక్కారు, ఇక దిగలేదు. అయితే వాళ్లు తొక్కేది ఖమ్మం రోడ్డు మీద. సీజనులో ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి, పత్తి లారీలన్నీ ఆ రోడ్డు మీదే. ఒక లారీ రాసుకుంటూ పోతే ఆయన కిందపడి భుజం ఎముక విరిగింది. కట్టుతోనే నా ఆఫీసుకు వచ్చారు. "నాకు పందెం వద్దు, పతకం వద్దు డీఈ గారూ. ఎనక నుంచి హారన్ కొట్టని రోడ్డు ఒక్కటి సూపియ్యండి, చాలు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఉద్యోగమంతా బండ్లు తిరగడానికి రోడ్లు వేసినవాడిని, బండ్లు రాని రోడ్డు వెతకమనడం వంటమనిషిని పిలిచి ఉపవాసం వండమన్నట్టుంది. కానీ ఆయన భుజం చూశాక కాదనలేకపోయాను.

మా పద్ధతిలో దీనికి ట్రాఫిక్ సెన్సస్ అని ఒకటుంది. రోడ్డు పక్కన మనిషిని కూర్చోబెట్టి, వచ్చే పోయే ప్రతి బండినీ రకాల వారీగా లెక్కపెట్టిస్తాం. లెక్క ఎక్కువైతే రోడ్డు వెడల్పు చేయాలని రాస్తాం. ఈసారి తక్కువ వచ్చినదాన్ని ఎంచుకోవాలి, అంతే తేడా. భాద్రపదంలో ఏఈలను పంపించి నాలుగైదు రోడ్లు లెక్కపెట్టించాను. వాటిలో ఒకటి ఆకేరు వాగు వెంట పోయే రోడ్డు. ఊరి పేరు చెప్పను. ఇప్పటికీ అక్కడికి పోతుంటాను, జనం ఎక్కువైతే నాకే నష్టం.

ఆ రోడ్డుకు ఒక పక్క వాగు, ఇసుక, కొంగలు. రెండో పక్క వరి పొలాలు. చివర వాగు దాటే కాజ్‌వే ఒకటి ఉండేది, అంటే నీళ్లొస్తే మునిగే ఎత్తు తక్కువ వంతెన. వరదకు అది కొట్టుకుపోయింది, మళ్లీ కట్టలేదు. కాబట్టి అవతలి ఊరికి పోయే బండి ఏదీ ఈ దారిన రాదు. రోడ్డు నున్నగా, చదునుగా ఉంది. నీడ పడితే పంట రాదని పొలాల వాళ్లు చెట్లు కొట్టేయడంతో వేళ్లు పొడుచుకొచ్చి తారు పగిలిన చోటు కూడా లేదు. లెక్కలో పడ్డవి ట్రాక్టరు, పాలవాడి బండి, బడి ఆటో. కారు వస్తే కుక్కలు లేచి చూస్తున్నాయని ఏఈ రాసుకొచ్చాడు. ఈఈ గారు ఆమోదించారు. బోర్డులు పెట్టాం. కార్తీకంలో ఒక ఆదివారం ప్రారంభోత్సవం అని ఖాయమైంది.

ముందు రోజు, శనివారం, ఆఖరి తనిఖీకి వెళ్లాను. మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. వాగు దాకా ఈ అంచు నుంచి ఆ అంచుకు వడ్లు పోసి ఉన్నాయి.

ఇప్పుడు కోత మిషన్‌తోనే. మిషన్‌లోంచి వచ్చే గింజ పచ్చిగా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో మీటరు పెట్టి తేమ చూస్తారు, ఎక్కువుంటే కాంటా వేయరు, అంటే తూచి తీసుకోరు. ఊళ్లలో కల్లాలు పోయాయి. మిగిలింది తారు రోడ్డు. కింద వేడి, పైన ఎండ, త్వరగా ఆరుతుంది. బండ్లు రావు, చెట్టు నీడ లేదు, చదునుగా ఉంది. సైకిళ్ల కోసం నేను ఏ గుణాలు చూసి ఈ రోడ్డును పట్టుకున్నానో, ఊరివాళ్లు అవే గుణాలు చూసి నాకంటే ఎంతో ముందే పట్టుకున్నారు. ఎవరి పొలం ముందున్న రోడ్డు వాళ్లది అని ఊళ్లో కట్టుబాటు కూడా ఉంది. భాద్రపదంలో లెక్కపెడితే ఇవన్నీ ఎక్కడ కనబడతాయి? మా ఫారంలో ఎడ్లబండికి గడి ఉంది, వడ్లకు లేదు.

రోడ్ల మీద వడ్ల సంగతిలో నేను మెత్తటివాడిని కాను. మెయిన్ రోడ్డు మీద చీకట్లో వడ్ల కుప్పకు గుద్దుకుని ఒకతను చనిపోతే, ఆ చోటు కొలిచి రిపోర్టు రాసింది నేనే. కుప్పకు అడ్డంగా పెట్టిన రాళ్లు ఇప్పటికీ నా కళ్లముందు ఉన్నాయి. తర్వాత ఎన్ని ఊళ్లకు నోటీసులు ఇచ్చానో. అందుకని జీపు దిగింది కోపంతోనే.

ముందు కనబడింది కొమురమ్మ. కౌలు రైతు, యాభై దాటిన మనిషి. వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తోంది. అలా నడిస్తే సాళ్లు పడి అడుగు గింజ పైకొస్తుంది. రేపు పొద్దున ఇక్కడ కార్యక్రమం ఉందని, సాయంత్రంలోగా అంతా ఎత్తేయాలని చెప్పాను. ఆమె కాళ్లు ఆగలేదు.

"ఎత్తి ఏడ పొయ్యాలె సారూ? పొలమంత బురద. మొన్నటి వానకు తడిసినయి, సెంటర్ల తేమ ఉన్నదని ఎనుకకు పంపిండ్రు. ఎల్లుండికి మల్ల వాన అంటాండ్రు. రేపొక్కటే ఎండ. సైకిళ్లు రేపు గాకుంటె ఇంకో ఐతారం తొక్కుతరు. మొలకొచ్చిన వడ్లు మల్ల వడ్లయితయా?"

ఈఈ గారికి ఫోన్ చేశాను. ముఖ్య అతిథి వస్తున్నారని, వాగు దగ్గర వేదిక కూడా వేశారని, అవసరమైతే పోలీసులను పిలిచి ఖాళీ చేయించమని ఆయన అన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు పైనుంచి వచ్చింది నాకు దించారు. నేను టేపు తీసి రోడ్డు కొలిచాను. సగం సైకిళ్లకు, సగం వడ్లకు ఇద్దామంటే వడ్లు రెండింతల మందం అవుతాయి, ఒక్క ఎండకు ఆరవు. అది కొమురమ్మ చెప్పక్కర్లేదు, ఎవరికైనా తెలుస్తుంది.

టేపు చుడుతూ, పొద్దున ఎప్పుడు పరుస్తారని అడిగాను. సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ పరదా కప్పుతామని, పొద్దున మంచు ఆరాకే మళ్లీ పరుస్తామని చెప్పింది. తడి రోడ్డు మీద పోస్తే ఆరిన గింజ కూడా నానుతుందట. అంటే తెల్లవారినప్పటి నుంచి మంచు ఆరేదాకా ఈ రోడ్డు ఎవరికీ అక్కర్లేదు.

అక్కడే బేరం మొదలైంది. కుప్పలన్నీ పొలాల వైపు ఒకే వరసలో ఉండాలని, పరదాల మీద రాళ్లు రోడ్డు మధ్యకు రాకూడదని నేను అన్నాను. చుట్టూ చేరిన రైతులు గొణిగారు, ఒప్పుకున్నారు. కొమురమ్మ తన షరతు పెట్టింది. "మంచు ఆరినంక మాత్రం ఆగ సారూ. మీ పెద్దసారు నిలవడ్డా సరే, పరుస్త." సరే అన్నాను. సత్యనారాయణ గారికి చెబితే ఆయన సంతోషించారు, వాళ్లకు కావలసిందీ పొద్దుటి పూటే. ఈఈ గారు మాత్రం ముఖ్య అతిథి అంత పొద్దున్నే ఎలా వస్తారని విసుక్కున్నారు. చివరికి, వచ్చేలా చూస్తానన్నారు.

ఆదివారం తెల్లవారుతుండగానే సైకిళ్లు వచ్చేశాయి. వాగు మీద మంచు ఇంకా లేవలేదు. నీలం పరదాల కుప్పలు పొలాల వైపు వరసగా ఉన్నాయి. రెండు చోట్ల రాళ్లు రోడ్డు మీదికొచ్చి ఉంటే గట్టిగా కసిరి తీయించాను. అంతా సిద్ధం. ముఖ్య అతిథి లేరు. ఫోన్ చేస్తే ఈఈ గారు "దారిలో ఉన్నారు" అన్నారు. మా శాఖలో ఆ మాటకు స్నానం చేస్తున్నారని అర్థం.

ఎండ పొలాల మీదికి వచ్చింది. కొమురమ్మ తన కుప్ప పక్కన నిలబడి ఉంది. వంగి రోడ్డు మీద అరచెయ్యి రాసి నాకు చూపింది. తడిగా ఉంది. కాసేపాగి మళ్లీ చూపింది. సత్యనారాయణ గారు ఒక కాలు నేల మీద పెట్టుకుని నిలబడ్డారు. "ఏం జేద్దాం డీఈ గారూ?" అని అడిగారు.

నాకు భయం వేసింది. ముఖ్య అతిథి రాకుండా మొదలుపెడితే మెమో వస్తుంది. మెమో అంటే సంజాయిషీ అడిగే నోటీసు. మామూలుగా దానికి ఎవరూ భయపడరు. కానీ రిటైరయ్యే ముందు అది తేలకుండా ఉంటే పెన్షన్ కాగితాలు కదలవు. మొదలుపెట్టకపోతే కాసేపట్లో రోడ్డు మీద వడ్లుంటాయి, లేదా పోలీసులు నిలబడి ఎత్తిస్తుంటే కొమురమ్మ ఎండ పోతుంది. నిన్న మాట ఇచ్చింది నేను.

"పోండి" అన్నాను.

వాళ్లు పోయారు. హారన్ లేదు, కేకలు లేవు, గొలుసుల చప్పుడొక్కటే. వాగు దాకా పోయి తిరిగొస్తుంటే వాళ్ల వెనకే పరదాలు లేవసాగాయి. భుజం వల్ల సత్యనారాయణ గారు అందరికంటే వెనకబడ్డారు. పరదా కొస పట్టుకుని నిలబడ్డ కొమురమ్మ "జర జల్ది రా అయ్యా" అని ఆయన్ని అదిలించింది. అంతకుముందే ఆమె చివరిసారి రోడ్డు మీద రాసిన అరచెయ్యి పొడిగా వచ్చింది, అయినా ఆయన దాటేదాకా పరదా ఎత్తలేదు.

ముఖ్య అతిథి కారు వచ్చేసరికి రోడ్డు నిండా వడ్లు. ఈఈ గారు దిగి కేకలేశారు. కొమురమ్మ సాళ్లు తీస్తూనే "మంచు ఆరింది సారూ" అంది. అతిథి అద్దం దించి చూశారు, మళ్లీ ఎక్కించారు. కారు తిప్పే చోటు లేక మలుపు దాకా వెనక్కే పోయింది. వడ్లు ఎత్తాక, వాగు దగ్గర వేదిక మీది కుర్చీలు ఎవరూ కూర్చోకుండానే టెంటువాడి బండెక్కాయి.

సాయంత్రానికి కొమురమ్మ వడ్లు కేంద్రానికి చేరాయి. తేమ సరిపోయింది, కాంటా అయింది. మర్నాడు వాన పడింది. ఆమె నాకేమీ కృతజ్ఞత చెప్పలేదు. ఒప్పుకున్నట్టు జరిగింది, అందులో చెప్పడానికేముంది?

మెమో వచ్చింది. నిర్ణీత సమయం దాటినందున, రోడ్డును మరొక అవసరానికి అప్పగించవలసి ఉన్నందున మొదలుపెట్టానని సంజాయిషీ రాశాను. ఆ అవసరం ఏమిటో రాయలేదేమని ఈఈ గారు అడిగారు. "వడ్లు ఆరబోయుట" అని పెన్నుతో చేర్చి ఇచ్చాను. అది తేలకుండానే రిటైరయ్యాను. పెన్షన్ ఆలస్యమైంది. ఆ నెలల్లో మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను, అవన్నీ న్యాయమైనవే.

ఇప్పుడు ఏఈలు ఎవరైనా అడిగితే ఒకటి చెబుతాను. ఒక రోడ్డు ఖాళీగా ఉందని రాసే ముందు వానల్లో ఒకసారి, కోతల్లో ఒకసారి చూడండి. మన లెక్కకు రానివాళ్లు ఆ రోడ్డును ఎప్పుడు వాడుకుంటారో ఊళ్లో అడగండి. కాగితం మీద రోడ్డు శాఖది. నేల మీద దానికి వేళలున్నాయి, ఒక్కో వేళకు ఒక్కో హక్కుదారు ఉన్నాడు.

నేనూ ఒక సైకిల్ కొన్నాను. సత్యనారాయణ గారితో కలిసి పోతుంటాను. కోతల రోజుల్లో ఆకేరు రోడ్డు మలుపు దగ్గర ఇద్దరం దిగుతాం. ఆయన వంగి తారు మీద అరచెయ్యి పెట్టి చూస్తారు. పొడిగా తగిలితే సైకిళ్లు తిప్పుకుని ఇంటికి వచ్చేస్తాం.