అత్తమ్మ మిక్సీకి కప్లరు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నాకు పెళ్లయింది. పుట్టిల్లు పాలమూరు దగ్గర. మెట్టినిల్లు నల్లగొండకు బస్సులో గంట దూరంలో ఉన్న ఊరు. అత్తవారిది గొర్లు మేపుకునే ఇల్లు. ఆ ఇంట్లో అత్తమ్మ తన కోసమని కొనుక్కున్న వస్తువు ఒక్కటే, మిక్సీ. ఒక ఏడాది రెండు పొట్టేళ్లు మంచి ధరకు పోతే తెచ్చుకుందట. వాడిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి పైన పాత చీర ముక్క కప్పేది. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ మిక్సీ చేసిన కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను దాన్ని కాల్చేదాకా తెలుసుకునే అవసరమూ రాలేదు.

పెళ్లయి నెల దాటిందేమో. అత్తమ్మ గిర్నీలో పట్టించడానికి పసుపు కొమ్ములు ఎండబెట్టి డబ్బాలో పోసి పెట్టింది. ఆమె గొర్ల దొడ్డికి పోయిన వేళ, వచ్చేసరికి పసుపు చేసి చూపిస్తే మెచ్చుకుంటుందని నాకు ఆశ పుట్టింది. గుప్పెడు కొమ్ములు జారులో వేసి తిప్పాను. మొదటి వాయి బరకగా వచ్చింది. రెండో వాయికి ఇంకాస్త ఎక్కువే వేశాను. టకటకా కొట్టుకుని, ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. అక్కడితో ఊరుకోవాల్సింది. మళ్లీ మళ్లీ తిప్పాను. పొగ లేచింది.

అత్తమ్మ గడపలోకి వస్తూనే వాసన పట్టింది. మిక్సీ వంక చూసింది, పసుపు అంటిన నా చేతుల వంక చూసింది. కిటికీ తెరిచి, "చేతులు కడుక్కో బిడ్డా" అంది.

సాయంత్రం మా ఆయన వచ్చి, ఏం కాలిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "నేనే కాల్చిన. గిర్నిదాంక ఏం పోదామని పసుపు కొమ్ములేసిన."

"గింత తెల్వదా అమ్మా? తియ్, కొత్తది తెస్త."

"కొత్తది నాకొద్దు. గిదే బాగు చేయించుకొస్త."

మర్నాడు పొద్దున మిక్సీని ఉతికిన యూరియా సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. నల్లగొండలో మూడు దుకాణాలు తిరిగాం. కంపెనీ పేరు చూడగానే తలకాయలు అడ్డంగా ఊపారు. "దీని సామాను వస్తలేదమ్మా. కొత్తది కొనుక్కపో" అని మూడోవాడు సంచి కూడా విప్పనివ్వలేదు. అత్తమ్మ సంచి చంకలోకి ఎత్తుకుని బయటికి నడిచింది. పాత ఫ్యాన్లూ కూలర్ మోటార్లూ వేలాడుతున్న ఒక చిన్న దుకాణం బస్టాండు వెనక సందులో కనిపించింది. లోపల తెల్ల గడ్డం ముసలాయన ఒక్కడే కూర్చుని పని చేసుకుంటున్నాడు. మిక్సీని బల్ల మీద బోర్లించి, మరలు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"కాయిల్ మాడిపోయింది. కప్లర్ పండ్లు గూడ ఊడినయి. ఏమేసిండ్రమ్మా దీంట్ల?"

కప్లరంటే జారు కింద ఉండే పళ్ల బిళ్ల. మోటారు తిరుగుడును జారుకు అందించేది అదే.

"పసుపు కొమ్ములు" అంది అత్తమ్మ. "నేనే ఏసిన."

"పెద్దమనిషివి, జర సోయుండాలె గదమ్మా! మిక్సీ అనుకున్నవా, గిర్ని అనుకున్నవా?"

అత్తమ్మ తలవంచుకుని బడిపిల్లలా నిలబడింది. ఆమెను అట్లా చూడలేకపోయాను.

"నేను వేసిన తాతా. అత్తమ్మ అప్పుడు ఇంట్లనే లేదు."

"నువ్వూకో. నేనే ఏసిన."

"కాదు తాతా, నేనే."

ముసలాయన చేతిలో పట్టకారు కింద పెట్టి గట్టిగా నవ్వాడు. "నలభై ఏండ్లసంది గీ కుర్సీల కూసుంటున్న. వచ్చినోళ్లంత నాకేం తెల్వది, దానంతటదే ఆగిందంటరు. నేనంటే నేనని కొట్లాడేటోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న." మా ఇద్దరికీ చాయ్ చెప్పాడు. "కాయిల్ నేను చుడత, ఫికర్ చెయ్యకుండ్రి. కప్లరే కష్టం. దీనికి పండ్లు ఆరు, లోపటి మర సన్నగుంటది. గీడ దొరకదు. పాలమూరు దిక్కు పాత దుకాణాలల్ల అడిగి చూడుండ్రి."

మిక్సీని ఆయన దగ్గరే వదిలి, పాత కప్లర్ మాత్రం వెంట తెచ్చుకున్నాం. తిరుగు బస్సులో అడిగాను, ఎందుకట్లా మీద వేసుకున్నావని.

"నువ్వు కాల్చినవంటే ఊరంత ఏడాదిదాంక అదే ముచ్చట పెడ్తరు. నేను కాల్చిన్నంటే ఎవరేమంటరు?" అని కిటికీ వైపు తిరిగింది.

ఆషాఢం రాగానే అందరు కొత్త కోడళ్లలాగే పుట్టింటికి బయల్దేరాను. ఊడిన కప్లర్‌ను గుడ్డలో మూటగట్టి ఇచ్చింది అత్తమ్మ. పాలమూరులో వారం రోజులు దుకాణాలు తిరిగాను. "కొత్త పెండ్లిపిల్లవు, గీ తిరుగుడేందే?" అని మా అమ్మ గొణిగింది, అయినా వెంట వచ్చింది. నాలుగు పళ్లవి దొరికాయి, ఎనిమిది పళ్లవి దొరికాయి. ఆరు పళ్లది ఒకచోట దొరికింది కానీ మర లావు. చివరికి ఒక దుకాణాయన విసిగిపోయి, రేకు డబ్బాలో ఉన్న పాత ముక్కలన్నీ పేపరు మీద కుమ్మరించాడు.

"నువ్వే వెతుక్కో చెల్లె. నాకు గిరాకీ ఉన్నది."

అమ్మా నేనూ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరాం. రెండు దొరికాయి, పాతదానికి అచ్చంగా జోడీ. వెంటనే అత్తమ్మకు ఫోన్ చేసి, దొరికిందని దాదాపు అరిచాను.

"అన్నం తిన్నవా?" అంది.

శ్రావణంలో తిరిగి వచ్చాక ఇద్దరం నల్లగొండ పోయాం. ముసలాయన కొత్త కాయిల్ అప్పటికే చుట్టి ఉంచాడు. కప్లర్ బిగించి, "పసుపు మాత్రం గిర్నిల పట్టియ్యుండ్రి" అన్నాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ పల్లీలూ పచ్చిమిరపకాయలూ జారులో వేసి, "నువ్వే తిప్పు" అంది. నా చెయ్యి ముందుకు పోలేదు. "తిప్పు బిడ్డా, గదేమన్న కరుస్తదా?" అంది. తిప్పాను. ఆ పూట చట్నీలో ఉప్పు మరిచిపోయాం. ఇద్దరం అట్లాగే తిన్నాం.

ఆ మిక్సీ ఇంకో ఐదారేళ్లు నడిచింది. రెండో కప్లర్ కూడా అరిగింది. చివరికి మోటారు ఇరుసే వంగితే ముసలాయన చేతులెత్తేశాడు. ఎంత బాధపడుతుందోనని భయపడ్డాను. "మస్తు చేసింది పాపం" అని, కొత్తది కొనడానికి అత్తమ్మే ముందు నడిచింది.

ఇప్పుడు మా వాడకట్టులో ఎవరి కూలర్ పంపు ఆగినా, కుక్కర్ పిడి విరిగినా మా ఇంటికే తెస్తారు. నేను నల్లగొండ పోయేటప్పుడు సంచిలో నాలుగు పాత ముక్కలైనా ఉంటాయి. అత్తమ్మ అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకు చెబుతుంటుంది. "మా కోడలికియ్యుండ్రి. పాలమూరు పొయ్యన్న తెస్తది."