వైరు లేని గిటారు

మా చర్చిలో పాటలు నేర్పే కొయిర్ మాస్టరు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. ఎనభైలలో హనుమకొండలో వీసీఆర్ ఉన్న కొద్ది ఇళ్లలో ఆయనది ఒకటి. బొంబాయి నుంచి తమ్ముడు పంపిన క్యాసెట్లలో, రాక్ బ్యాండ్లు విదేశీ టీవీల్లో వాయించిన ప్రోగ్రాములుండేవి. ఆదివారం ప్రార్థన కాగానే కొయిర్‌లో పాడే మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి అవి వేసేవాడు. ఒక్క పాటా సాంతం విననిచ్చిన పాపాన పోలేదు. మధ్యలో బొమ్మ ఆపి, రిమోటుతో టీవీ అద్దాన్ని టకటకా కొట్టేవాడు.

"గిటారుకు వైరేది? వైరు లేకుంట కరెంటు గిటారు మోగుతదా? పాత క్యాసెట్ల చెమటలు కక్కుకుంట వాయించినోళ్లే. ఇప్పుడు రికార్డు ఏసి ఉత్తగ చేతులాడిస్తాండ్రు. ఈ బ్యాండు ఈడ్నే సచ్చింది."

మమ్మల్నీ ఆ కళ్లతోనే చూసేవాడు. జలుబు చేసి గొంతు పోయిన మా అక్కను, "ఉత్తగ పెదవులాడిస్తానవ్, దిగు" అని చర్చి నిండా జనం ముందు వరసలోంచి దింపేశాడు. అక్క మళ్లీ పాడలేదు.

ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనను వీడియో తీయించి, అందరినీ పిలిచి చూపించాడు. తెర నిండా ఆయనే. కళ్లు మూసుకుని, తల ఊపుతూ కరెంటు గిటారు వాయిస్తున్నాడు. వినిపిస్తున్నది మాత్రం హార్మోనియమే. అక్క లేచి రిమోటు అందుకుని బొమ్మ ఆపింది. గిటారు వైరు కొస ఎందులోనూ గుచ్చకుండా ఆయన మోకాలి దగ్గర వేలాడుతోంది.

"సార్, వైరేది?" అంది.

"క్యాసెట్ ఖరాబైనట్టుంది. జర ముందుకు పోనియ్యమ్మా."

అక్క పోనివ్వలేదు. రిమోటు ఒళ్లో పెట్టుకుని, ఆ బొమ్మను మా అందరికీ తనివితీరా చూపించింది.