జొన్నల కుండలో బర్రె

“నీ బర్రె ఆళ్ల కొట్టంలకు ఎందుకు ఉరికింది?”

“చుట్టపు చూపుకు పోయిందక్కా.”

“బర్రెలకు చుట్టాలేందే?”

“మనుషులకుంటరు గద. దానికుంటె తప్పా?”

“తప్పుగాదు. తాడు తెంపుకొని, నిన్ను గల్లీ అంత గుంజుకుంట పోయి, మీ తోడికోడలు దుడ్డె పక్కన నిలవడ్డది. ఆ దుడ్డె దానికేమయితది? మేనల్లుడా?”

అడుగుతున్నది మా మహిళా సంఘం లీడరక్క. మోకాళ్ల దాకా పేడతో, చేతిలో తెగిన తాడుతో నిలబడి అబద్ధాలాడుతున్నది నేను.

ఆ రోజుల్లో అప్పంటే నాకు పామును చూసినంత భయం. రెండో తరగతిలో, తీసివేతల దగ్గర నా చదువు ఆగిపోయింది. పెళ్లయి నేను వచ్చేసరికి నార్సింగి ఇంకా ఊరే. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తుంటే మా ఇంటాయన అక్కడ సిమెంటు మోసేవాడు. పని దొరికిన రోజు అన్నం, దొరకని రోజు జొన్న గట్క. మేం పదకొండు మంది ఆడవాళ్లం సంఘం పెట్టి వారం వారం పొదుపు చేసుకుంటే, బర్రెలు కొనుక్కోమని బ్యాంకు వాళ్లు తలా ఎనిమిది వేలు అప్పిచ్చారు. పది మంది కొన్నారు. నేను కొనలేదు. బర్రె చచ్చిపోతే? పాలు ఎండిపోతే? అప్పు తెచ్చిన సొమ్మును ఖర్చు పెట్టడం కంటే బుద్ధి తక్కువ పని ఇంకోటి ఉంటుందా అనుకుని, ఎనిమిది వేలూ గుడ్డలో మూటకట్టి జొన్నల కుండ అడుగున దాచాను. నెల తిరగ్గానే ఆ మూటలోంచే నాలుగు వందలు తీసి కిస్తీ కట్టేదాన్ని. ఒక్క రోజు ఆలస్యం లేదు. “కిస్తీ అంటె గిట్ల కట్టాలె, జూసి నేర్సుకోండ్రి” అని లీడరక్క మీటింగులో నన్ను చూపిస్తుంటే తల వంచుకునేదాన్ని (సిగ్గుతో కాదు, నవ్వు ఆపుకోలేక). మూట తరిగిపోతున్న సంగతి మా ఇంటాయనకే తట్టింది.

“దాసుకునేటందుకైతె అప్పెందుకు తెచ్చినవే?”

“ఇంట్ల పైసలుంటె ధైర్యం గద.”

“మంచిదే. ఆ ధైర్యానికి నెలనెలా మిత్తి కడుతున్నవు.”

వడ్డీ మాట ఎత్తాడని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇట్లా ఆరు నెలలు గడిచాక లీడరక్క మీటింగులో బాంబు వేసింది. “ఎల్లుండి బ్యాంకు సారు వస్తడు. అందరి బర్రెలను జూసినంకనే రెండో అప్పు. ఒక్కదానిది లేకున్నా పదకొండు మందికీ బంద్. రేపు పొద్దూకంగ నేనే ముందుగాల ఇంటింటికీ వచ్చి జూస్త.” నా పక్కన కూర్చున్నామె అప్పటికే ఆ రెండో అప్పును నమ్ముకుని ఇంకో బర్రెకు బయానా ఇచ్చింది. నా మూలంగా పది ఇళ్ల ఉసురు నాకు తగులుతుందన్నమాట.

మర్నాడు, సంఘంలో లేని మా తోడికోడలి కాళ్లావేళ్లా పడ్డాను. “ఒక్క గంటకు నీ బర్రెనియ్యక్కా.” పాపం, ఇచ్చింది. “దుడ్డెను గూడ తోలుకపో” అని కూడా అంది. దాన్ని కూడా తెస్తే దాని మేత నా నెత్తిన పడుతుందని (గంట సేపటికి ఎంత తింటుందో ఆ భగవంతుడికే తెలియాలి) వద్దన్నాను. బర్రెను మా గుంజకు కట్టేసి, దాని నుదుటికి పసుపు, కుంకుమ కూడా పెట్టాను. అబద్ధానికి అలంకారం ఎక్కువ.

లీడరక్క వచ్చింది, మెడ నిమిరింది, మురిసిపోయింది. “మంచిగున్నది. పాలేళ అయింది గద, జర పిండు, జూస్త.” దుడ్డె వచ్చి పొదుగులో మూతి పెడితే గాని ఏ బర్రె పాలు చేపుతుంది? చెంబు పట్టుకుని కూర్చున్నాను. పొదుగు కడిగాను, బతిమాలాను, చుక్క రాలలేదు. “ఇంతకూ దుడ్డె ఏదే?” అని లీడరక్క అడిగిందో లేదో, గల్లీ చివరి నుంచి దుడ్డె అరిచింది. ఇక్కడి నుంచి తల్లి అరిచింది. తాడు పట్టుకుని ఆపబోయిన నేను కూడా అరిచాను. ఆ తర్వాత జరిగిన చుట్టరికం ముచ్చట మీకు ముందే చెప్పాను.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఇంట్లోకి తీసుకుపోయి కుండ బోర్లించాను. జొన్నల మీద మూట పడింది. లీడరక్క లెక్కపెట్టింది: ఐదు వేల ఆరు వందలు. సంఘంలోంచి తీసేస్తుందని ఏడవడం మొదలుపెట్టాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. “పైసలు జొన్నల్ల వెడితె పాలిస్తయానే, పిచ్చిదానా! ఇగ ఫికర్ వెట్టుకోకు. రేపు పశువుల అంగడి. ఐదింటికల్లా తయారుండు.”

ఆ ఒక్క మాట మీద మా ఇల్లు నిలబడింది. నేను బర్రెను ఆలస్యంగా కొన్నానని ఆమె బ్యాంకు సారుకు ఉన్నదున్నట్టే చెప్పింది. ఆయన నవ్వి, బర్రెను చూసి రాసుకున్నాడు. పదకొండు మందికీ రెండో అప్పు వచ్చింది. దాంతో ఇంకో బర్రె కొన్నాను. అది తీరాక మేత కోసే మిషను, అదీ తీరాక క్యాన్లు కట్టుకోవడానికి ఒక పాత స్కూటరు. అన్నీ చిన్న అప్పులే, ఒకటి తీరాకే ఇంకోటి. ఇప్పుడు రింగు రోడ్డు అవతల కిరాయి స్థలంలో మా కొడుకు పద్నాలుగు బర్రెలను సాకుతున్నాడు. కోడలు పెరుగు తోడుపెడుతుంది. అపార్ట్‌మెంట్లలోని కంపెనీ పిల్లలు ఫోన్లో పాలు, పెరుగు అడిగితే మనవరాలు రాసుకుంటుంది. గుక్కెడు పాలు కూడా ఊరికే పోయనని నాకు పేరు. లీడరక్క ఇంటికి మాత్రం రోజూ లీటరు పోతుంది. పైసలిస్తానంటే ఆమెతో కొట్లాటే.

అదంతా తరవాతి మాట. ఆ తెల్లవారి లీడరక్క చెప్పిన వేళకే వచ్చింది. తక్కువ పడ్డ రెండు వేలు సంఘం పొదుపులోంచి నాకు అప్పుగా రాసి, నా చేత సంతకం పెట్టించింది. అంగడిలో ఒక ఈనిన బర్రెను ఆమే పళ్లు చూసి, బేరమాడి ఇప్పించింది. పది గంటలకల్లా అది మా ఇంటి ముందు ఉంది. మా ఇంటాయన పనికి పోకుండా దానికి పందిరి గుంజలు పాతాడు. నేను ఆయన పోగొట్టుకున్న ఒక రోజు కూలిని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కుడితి కలిపాను.