నా డబ్బాలు ముంచిన టెక్కలి లైను

ఆరేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పలాసలో నాది చిన్న ఇంటర్నెట్ వ్యాపారం. పూండి దాకా ఇళ్ళకు కనెక్షన్లు ఇస్తాను. చవకగా దొరికాయని వైఫై డబ్బాలు తెచ్చి ఇళ్ళల్లో బిగించి, అన్నింటికీ ఒకటే పాస్‌వర్డు పెట్టాను. నా నెట్‌వర్కు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఎక్కడో కూర్చున్న దొంగెవడో అది పట్టేశాడు. నా డబ్బాలన్నింటినీ లోబరుచుకుని, టెక్కలిలో ఇదే వ్యాపారం చేసే మా మేనబావ నెట్‌వర్కు మీదకు తోలాడు. రోజూ లక్షల దొంగ రిక్వెస్టులు. బావ లైను కుప్పకూలేది. నీ దగ్గర నుంచే వస్తోంది, ఆపు అని నాకు మెయిళ్ళు వచ్చాయి. చదివాను. తీసిపారేశాను.

ఒక మధ్యాహ్నం బావే వచ్చాడు, చేతిలో కాగితాల కట్టతో.

"ఒరే బావా, ఇదంతా నీ కాడ నుంచే వత్తంది. ఆ డబ్బాల పాస్‌వర్డు మార్సీరా."

"నా కాడేటీ నేదు. రుజువు సూపించు."

"ఇదిగో, కాయితాలు తెచ్చాను. నువ్వే కాదంటే నానింకెవులికి సూపించాల? అడిగేవోడేడీ?"

నాకు అంతా తెలుసు. అప్పటికే పూండి వైపున్న అతని ఖాతాదారులు నా వైపు వస్తున్నారు. ఇల్లిల్లూ తిరిగి పాస్‌వర్డు మార్చడానికి బద్ధకమా, అత్యాశా? రెండూనా? అత్యాశే. బద్ధకమని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ నెలలోనే మా ఆపరేటర్ల మీటింగు జరిగింది. దారితప్పిన నెట్‌వర్కుల లైను కోసేసే అధికారం ఢిల్లీలో ఒకరికి ఉండాలా అని చర్చ. నేను లేచి, "మన తప్పులు మనమే దిద్దుకుంటాం, మన మీద ఇంకొకడి పెత్తనమెందుకు?" అన్నాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో బావ లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్న నోటిని ఏం చెయ్యాలి?

అందులో నిజం లేకపోలేదు, అదే నన్ను ఇంకా మండిస్తుంది. ఆ అధికారం ఇస్తే, రేపు ఉద్దానంలో ఎవరో రోడ్డెక్కారని ఊళ్ళకు ఊళ్ళకు నెట్ కట్టేస్తారు. ఆ భయం నిజమే. కానీ నేను దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను. ఆ రోజు నా లైను కోసేవాడు ఒకడుంటే బావ కొట్టు నిలబడేది. ఇప్పుడతను జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేస్తున్నాడు.

అతను కొట్టు మూశాక ఇల్లిల్లూ తిరిగి పాస్‌వర్డులు మార్చాను. నాలుగు రోజుల్లో అయిపోయింది. నాలుగే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది బావను, అంత దమ్ము నాకింకా రాలేదు. తెలిసే అబద్ధమాడానని ఇవాళ నా చేత్తో రాశాను. ఆరేళ్ళలో నేను చెప్పిన మొదటి నిజం ఇది.