మా ఇంటిపేరు తవ్విన కథ

భాషల లెక్కన రాష్ట్రాలు పంచుకుంటున్న ఆ రోజుల్లో మా గుడియాత్తంలో మనుషులకు ఒక కొత్త దురద పట్టుకుంది. తామెవరో తేల్చుకోవాలన్న దురద. అంతకుముందు మాకా బాధ లేదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, జ్వరం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాళ్ళం. చిత్తూరు అటు ఆంధ్రలోకి పోయి మేము ఇటు మద్రాసులో ఉండిపోయాక, టీకొట్టు బల్లమీద పక్కన కూర్చున్నవాడు కూడా "మీవోళ్ళు యాడనుంచి వచ్చినారు?" అని అడగడం మొదలుపెట్టాడు. దానికి మా ఇంట్లో జవాబు లేదు. మా నాయన ఇటుకబట్టీలో పనిచేసేవాడు, ఆయన తండ్రి మన్ను మోశాడు, ఆపైన ఎవరున్నారో కనుక్కునే తీరిక ఎవరికీ చిక్కలేదు. ఇంటిపేరు కూడా లేదు. చుట్టుపక్కల అందరిలాగే నాయన పేరులోని మొదటి అక్షరం 'ము' నా పేరు ముందు తగిలించుకుని హాయిగా బతికేస్తున్నాను.

ఆ 'ము' దగ్గరే చిక్కు వచ్చింది. నేను లుంగీలు నేయించే కొట్టులో గుమస్తాగా కుదురుకున్నాక పలమనేరు నుంచి ఒక సంబంధం వచ్చింది. నాయన అప్పటికే పోయాడు కాబట్టి అమ్మా నేనూ పిల్లను చూడటానికి వెళ్ళాం. ప్రయాణం ఎలా సాగిందని పిల్ల తండ్రి అడిగితే, "పొద్దున్నే బస్సు ఏరినాము" అన్నాను. (తమిళంలో ఏరడమంటే ఎక్కడం. మా ఇంట్లో తెలుగు మాట్లాడినా బస్సును మాత్రం తమిళంలోనే ఎక్కేవాళ్ళం.) తలుపు వెనకనుంచి ఒక గొంతు, "ఏరి సంచిలో ఏసుకున్నారా?" అంది. ఆ పిల్లే. ఆమె ముఖం ఇంకా చూడకముందే నేను నిశ్చయించుకున్నాను, చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని.

పిల్ల తండ్రి బెల్లం మండీలో కాటా పట్టేవాడు. ఏదైనా తూచి మాట్లాడే మనిషి. "మీ ఇంటిపేరేమి నాయనా?" అన్నాడు.

"ము" అన్నాను.

"పేరడిగితే మూలుగుతావేమప్పా?"

అమ్మ కలగజేసుకుని, మా పక్క ఇంటిపేర్లు వాడుకలో లేవని సర్దిచెప్పబోయింది. ఆయన వినలేదు. "అట్లయితే ఎట్లమ్మా? ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళు అవుతారు గదా. కనుక్కోని రాండి, తాంబూలాలు మార్చుకుందాం" అన్నాడు.

ఊరికి తిరిగి రాగానే పెదనాయన దగ్గరికి పరుగెత్తాను. మా నాయనకు అన్న, రాళ్ళబండి తోలేవాడు. మీసం మాత్రం రాళ్ళబండికి సరిపోయేది కాదు, ఏనుగు అంబారీకి సరిపోయేది. నా మాట పూర్తికాకముందే, "మనమెవురనుకున్నావురా? రాయలోరి దండులో దళవాయిలం!" అన్నాడు. దళవాయి అంటే సేనాపతి. సాక్ష్యమేదని అడిగితే మీసం దువ్వుకున్నాడు. అంతటితో ఆగకుండా నన్ను వేలూరు కోటకు తీసుకెళ్ళి, కందకం గట్టున నిలబెట్టి, "చూడు, మీ ముత్తాతల కోట" అన్నాడు. ఎండలో ఆ గోడను చూస్తుంటే నా రొమ్ము దానంతట అదే విరుచుకుంది. (తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు "తళ్ళి నిల్లుప్పా", అంటే జరిగి నిలబడమని, వెనక్కి తోస్తే, దళవాయిని తోస్తున్నాడని లోలోపల మండిపడ్డాను.)

పెదనాయన వారంలోపే తన బండికి బోర్డు పెట్టించాడు. 'దళవాయి' అని తెలుగులో నేను కాగితంమీద రాసిస్తే, తెలుగు అక్షరం ముక్క తెలియని పెయింటరు దాన్ని బొమ్మలా చూసి అచ్చంగా దించాడు. అంతా బాగానే ఉంది గానీ పలకను తలకిందులుగా బిగించారు. మా వీధిలో అందరూ తెలుగువాళ్ళే, చదవగలిగింది నేనొక్కణ్ణే. అందరూ దాన్ని చూసి మెచ్చుకుంటుంటే ఆ సంతోషం ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఈసారి ఒంటరిగా పలమనేరు వెళ్ళాను. "మేము దళవాయిలమండీ" అన్నాను, గొంతు కొంచెం బరువు చేసి. పిల్ల తండ్రి చటుక్కున లేచి నిలబడ్డాడు. నా వంశ గౌరవానికే లేచాడనుకున్నాను. ఆయన వచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. "కొడకా! మేమూ దళవాయిలమే గదరా! ఎన్నాళ్ళకు కనపడితివి నాయనా!" అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలోనూ తిరిగాయి, కారణం వేరు. ఆయన లోపలికి చూసి, "అమ్మా, మీ యన్న వచ్చినాడు, మజ్జిగ తీసుకురా" అని కేకేశాడు. ఆమె చెంబు తెచ్చి ఇస్తూ, పెదవి బిగపట్టి, "తాగు అన్నా" అంది. లోకంలో మజ్జిగ అంత చేదుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సేనాపతి పదవి వదిలించుకోవడం సంపాదించడమంత సులువు కాదు. పెదనాయన ఒప్పుకోలేదు. "పిల్ల పోతే ఇంకో పిల్ల వస్తాది, వంశం పోతే వస్తాదా?" అన్నాడు. అమ్మ మాత్రం పొయ్యి ఊదుతూ, "నేను కోడలుగా వచ్చినదాన్ని, నాకేమి తెలుసు? మీ తాత చెల్లెలు ఒడుగత్తూరులో ఉండాది గదా, ఆయమ్మను అడుగు" అంది. ఇంత దగ్గర దారి ఉంటే వేలూరు కోట దాకా ఎందుకు పోయామో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఒడుగత్తూరు అవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. దళవాయి అన్న మాట వినగానే ఆమెకు నవ్వు ఆగలేదు, పొలమారింది. నేనే వీపు నిమరాల్సి వచ్చింది. "దళవాయా! మీ పెదనాయన మీసానికి పుట్టినాడా ఆ దళవాయి? కరువులో కొండ కనమ దిగి వచ్చినోళ్ళంరా మనం. యాడ చెరువు తవ్వితే ఆడ గుడిసె. మనోళ్ళను తట్టమీదోళ్ళు అనేవోళ్ళు." ఎందుకని అడిగాను. మన్ను తట్టలు మోసేటప్పుడు మేస్త్రీ ఒకడు మోయలేనంత నింపించేవాడట. మా ముత్తాతకు తాత ఒకరోజు తట్ట ఎత్తకుండా, దానిమీదే చతికిలబడి, "నువ్వు ఎత్తి చూపించు సామీ" అన్నాడట. ఆయన్ను చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆడవాళ్ళు, గట్టు పొడుగునా అందరూ తట్టలమీద కూర్చుండిపోయారట. "లేసినారా?" అని అడిగాను. "మన్ను సగానికి తగ్గించినంక లేసినారు" అంది అవ్వ, ఆ పంచాయితీ నిన్ననే తెగినట్టు.

నేను ఎగురుకుంటూ వచ్చాను. కానీ పలమనేరు మనిషి దగ్గర కుర్రవాడి మాటకు తూకం ఉండదు. మొన్న దళవాయి అన్నవాణ్ణి ఇవాళ తట్టమీదోణ్ణంటే ఎవరు నమ్ముతారు? పెద్దమనిషి వచ్చి చెప్పాలి. పెద్దమనిషంటే మా పెదనాయనే. కథంతా విని ఆయన లేచాడు. బండి దగ్గరికి వెళ్ళి, ఆ బోర్డును చాలాసేపు చేత్తో తుడుస్తూ నిలబడ్డాడు. బతుకంతా రాళ్ళు తోలిన మనిషికి ఆ రెండు వారాలే సేనాపతి యోగం పట్టింది. అది నేనే లాగేస్తున్నానని అప్పుడు తోచింది. "వద్దులే పెదనాయనా" అనబోయాను. ఆయనే, "ఎన్ని గంటలకురా బస్సు?" అన్నాడు.

పలమనేరులో చాపమీద కూర్చుని ఆయన, "రాయలోరి కాలంలో..." అని ఎత్తుకున్నాడు. నేను చాపమీదనుంచి సగం లేచాను. ఆయన మీసం వదిలేసి, "...మేము యాడా లేమప్పా. మన్ను మోసినోళ్ళం. తట్టమీదోళ్ళం" అన్నాడు. ఆపైన ఒడుగత్తూరు కథ ఎత్తుకున్నాడు. చెబుతూ చెబుతూ ఉండగా గట్టు కొండంతయింది, మేస్త్రీ కాస్తా నవాబు అయ్యాడు, చివరికి ఆ నవాబే స్వయంగా తట్ట ఎత్తబోయి నడుం విరగ్గొట్టుకున్నాడు. పిల్ల తండ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, కాస్త గొంతు తగ్గించి, "నిజం చెప్పాలంటే బావా, మేము దళవాయిలమని మా నాయన చెప్పిందే. ఆయనకు గూడా మీమాదిరే మీసం ఉండె. మా అవ్వ మాత్రం ఏదో చెరువు పని, తట్టలు అంటా ఉండె..." అన్నాడు.

తలుపు వెనకనుంచి గట్టిగా వినిపించింది: "నాయనా, ఇంక తవ్వొద్దు!"

ఎవరూ తవ్వలేదు. తాంబూలాలు మార్చుకున్నారు.

పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆమే నేనూ బస్సులో వెళ్తుంటే, వానలకు నిండిన చెరువు ఏది కనబడినా నా మెడ కిటికీవైపు తిరుగుతుంది. "ఇది మావోళ్ళు తవ్విందే అయ్యుంటాది" అంటాను. "నిన్న కావేరిపాకం చెరువు గూడా మీదేనంటివి" అంటుంది ఆమె. పై పెదవిమీద వెంట్రుక లేకపోయినా చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది.